104 బండి ఆగాక మా ఊళ్లో బీపీ, షుగర్ గోలీలు మానేస్తున్నారు. ఎవరిని అడగాలి?

నల్లమల అంచు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది నాగర్‌కర్నూల్ జిల్లా, అచ్చంపేట వైపు చిన్న ఊరు. ఇక్కడి నర్సమ్మలకు ఇబ్బంది కావద్దని ఊరి పేరు రాయడం లేదు. పంచాయతీ ఆఫీసు ఎదురుగా నాకు కిరాణా కొట్టు ఉంది. 104 బండి, అంటే ఊరూరా తిరిగే సర్కారు వైద్యం బండి, నెలకోసారి వచ్చి మా కొట్టు ముందు వేపచెట్టు కిందే ఆగేది. అందుకే దాని సంగతి నాకు బాగా తెలుసు.

బండి వచ్చే తారీఖు ఊరంతటికీ నోటికి వచ్చు. పొద్దున్నే ముసలివాళ్లు పాత చీటీలన్నీ కవర్లో పెట్టుకుని మా అరుగు మీద కూర్చునేవారు. బీపీ చూసేవాళ్లు, వేలికి సూది గుచ్చి షుగర్ చూసేవాళ్లు, నెలకు సరిపడా గోలీలు ఇచ్చేవాళ్లు. ఫిట్స్ ఉన్న ఒక పిల్లవాడికి కూడా అక్కడే మందు దొరికేది. అది పెద్ద వైద్యమని నేను అనను. డాక్టర్ అన్నిసార్లూ వచ్చేవారు కాదు. కానీ ఎవరైనా కనబడకపోతే "ఫలానా ఆమె రాలేదేంది?" అని పక్కవాళ్లే అడిగి, పిల్లల్ని పంపి పిలిపించేవాళ్లు.

2022లో రాష్ట్రంలో 104 ఆగిపోయింది. పల్లె దవాఖానలు వస్తాయి, ఊళ్లో ఆరోగ్యం పని చూసే ఆశ అక్కలు గోలీలు ఇంటికే తెస్తారు అన్నారు. కొన్ని ఊళ్లలో అది బాగానే నడుస్తోందని విన్నాను. మాకు పల్లె దవాఖాన ఉన్నది పక్క ఊళ్లో. అక్కడి పోస్టు చాలాకాలంగా ఖాళీ. పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) పోవాలంటే తొమ్మిది కిలోమీటర్లు. ఆడవాళ్లకు బస్సులో టికెట్ లేదు, నిజమే. కానీ మా ఊరికి బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మధ్యలో ఆటోలో పోయి రావాలంటే 80 రూపాయలు, పైగా ఆ రోజు కూలి పోతుంది. అంత చేసి పోతే "స్టాక్ తక్కువుంది, పది రోజులకే ఇస్తాం, మళ్లీ రండి" అంటారు. మళ్లీ ఎవరు పోతారు?

పోయిన నెల మా వెనకింటి అవ్వ గడప మీద కూర్చుని అడకత్తెరతో ఏదో కత్తిరిస్తోంది. వక్కలనుకున్నాను. దగ్గరికి పోయి చూస్తే బీపీ గోలీ. అంత చిన్న తెల్ల గోలీని రెండు ముక్కలు చేస్తోంది. పొడి కొంగు మీద రాలితే వేలితో అద్దుకుని నాలుక మీద వేసుకుంది. "పదిహేను గోలీలు నెలంతా రావద్దా బిడ్డా" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఎందుకంటే మా ఇంట్లోనే ఒకటి జరిగింది. మా అత్తమ్మ "నాకేం నొప్పి లేదు కదా" అని రెండు నెలలు గోలీలు మానేసింది. నేనూ కొట్టు పనిలో పడి అడగలేదు. ఒకరోజు తెల్లవారి లేచేసరికి కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయాయి. ఇప్పుడు నీళ్లు కావాలన్నా ఎడమ చేత్తో చెంబు చూపిస్తుంది.

బండే కావాలని నేను అడగడం లేదు. నెలకు ఒక్క రోజు, ఎప్పుడూ అదే తారీఖున, మా ఊళ్లో ఎవరైనా కూర్చుని బీపీ, షుగర్ చూసి నెల గోలీలు ఇవ్వాలి. దీనికి ఎవరి దగ్గరికి పోవాలి? ఏమని రాయాలి?

పాత 104 ఫార్మసిస్ట్

అక్కా, నేను ఆ బండిలో పనిచేసినవాణ్ణే. పీహెచ్‌సీకి మూడు కిలోమీటర్లకు పైన ఉన్న ఊళ్ల కోసమే ఆ సర్వీసు పెట్టారు. నెలలో ఒక ఊరికి ఒక తారీఖు. మా పనికి ప్రాణం ఆ తారీఖే. బీపీకి నొప్పి ఉండదు కాబట్టి, గుర్తు చేసే రోజు ఒకటి లేకపోతే మనిషి మర్చిపోతాడు.

స్టాక్ ఎందుకు తక్కువుంటుందో కూడా చెబుతాను. పీహెచ్‌సీకి ఇన్ని మందులు కావాలని పైకి పంపే ఇండెంట్‌ను, అంతకుముందు ఎన్ని మందులు ఖర్చయ్యాయో చూసి పెడతారు. మీ ఊరివాళ్లు దూరమని రాకపోతే ఖర్చు తక్కువ కనబడుతుంది. తర్వాత ఇండెంట్ కూడా తక్కువే పోతుంది. అప్పుడు వచ్చినవాళ్లకు కూడా సగమే దొరుకుతాయి. కాబట్టి "మందులు లేవు" అని రాస్తే పని కాదు. ఎంతమందికి, ఏ గోలీ, రోజుకు ఎన్ని కావాలో పేర్లతో రాసి మెడికల్ ఆఫీసర్‌కు, అంటే పీహెచ్‌సీ డాక్టర్‌కు ఇవ్వండి. ఆయన ఇండెంట్ పెంచడానికి ఆ కాగితమే ఆధారం.

ఇంకో మాట. అవ్వకు గోలీలు విరిచి వేసుకోవద్దని గట్టిగా చెప్పండి. సగం మోతాదుకు బీపీ అదుపులో ఉంటుందని ఎవరూ చెప్పలేరు. కొన్ని గోలీలైతే అసలు విరవనే కూడదు.

ఆశ, ఖమ్మం జిల్లా

అక్కా, మీ ఊరి ఆశ మీద కోపం పెట్టుకోకండి. మాకు వెయ్యి మందికి ఒకరం అని లెక్క. గోలీలు మా చేతికి వస్తే ఇంటింటికీ ఇస్తాం, రాకపోతే తిట్లు మేమే తింటాం. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని లిస్టు రాయండి. ఎవరికి ఏముందో ఆమె రిజిస్టర్‌లో ఉంటుంది. ఆ తారీఖు విషయం ఆమె అడిగితే పైవాళ్లు వినరు, ఊరు అడిగితే వింటారు.

ఒంగోలు వాసి

మాది ఆంధ్ర. 2023 ఏప్రిల్‌లో ఫ్యామిలీ డాక్టర్ అని పెట్టాక, పీహెచ్‌సీ డాక్టరే 104తో కలిసి నెలకు రెండుసార్లు ఊరికి రావాలని నియమం చేశారు. మా నాన్నకు అదే రోజు బీపీ చూసేవారు. మీ అర్జీలో ఈ మాట కూడా రాయండి, అడగరానిదేమీ అడగడం లేదని తెలుస్తుంది.

అర్జీల మాస్టారు

అమ్మా, ముందు మెడికల్ ఆఫీసర్‌కు ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి. ఆ నకలుతో సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణికి వెళ్లి రశీదు తీసుకోండి. స్టాక్ వివరాలు సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మండల స్థాయి ఆఫీసుకు ఫీజు 5 రూపాయలే. గత ఆరు నెలల్లో బీపీ, షుగర్ మందులు ఎన్ని వచ్చాయి, ఏయే రోజుల్లో నిల్వ లేదు అన్న రెండే అడగండి. ఎక్కువ అడిగితే జవాబు ఇవ్వకుండా తిప్పుతారు.

ఊరి ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ కమిటీ అని ఒకటి ఉంటుంది. సర్పంచే అధ్యక్షులు. ఆ కమిటీ తీర్మానం జతచేస్తే మీ కాగితానికి బరువు వస్తుంది.

నల్లమల అంచు

అందరికీ దండాలు. ఆశ అక్క, నేను మూడు సాయంత్రాలు తిరిగాం. మా రెండు వాడల్లోనే 34 మంది తేలారు. వాళ్లలో తొమ్మిది మంది నెల దాటి గోలీ ముట్టలేదు. ఫిట్స్ ఉన్న పిల్లవాడి తల్లి అచ్చంపేటలో డబ్బు పెట్టి కొంటోందట, ఎవరికీ చెప్పలేదు. సర్పంచ్ తీర్మానం రాసిచ్చారు. వేపచెట్టు కింద బల్ల, కుర్చీలు నేనే వేస్తానని అందులో రాయించాను.

పీహెచ్‌సీలో ఇచ్చేశాం, నకలు మీద సంతకం తీసుకున్నాం. డాక్టరమ్మ లిస్టంతా చదివి, "తారీఖు చూసి చెబుతాను" అన్నారు. సోమవారం కలెక్టరేట్‌కు పోతున్నాం. బస్సు ఆరున్నరకు. అవ్వ కూడా వస్తానంటోంది. సగం గోలీల పొట్లం ఇప్పుడే కొంగున ముడేసుకుంది, కలెక్టర్‌కు చూపిస్తుందట.