అప్‌డేట్: బొమ్మలు గీస్తూ బతకగలనా అని అడిగాను కదా

పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసే ఫ్రీలాన్సర్‌ని. పేమెంట్లు ఆగిపోయాయి, అద్దె టెన్షన్, ఏదైనా ఉద్యోగంలో చేరిపోవాలా అని ఆమధ్య అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. చేరలేదు, ఇంకా గీస్తూనే ఉన్నాను.

అన్నిటికంటే పనికొచ్చింది ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారంగా ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకోవడం) సలహా. ఆధార్, పాన్ ఉంటే ఆన్‌లైన్‌లో ఉచితంగా అయిపోతుంది. (డబ్బులడిగే సైట్లూ ఉన్నాయి, వాటి జోలికి పోకండి.) ఇలా నమోదైనవాళ్లకు, చిన్న వ్యాపారాల కోసం ఉన్న 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం, ఒప్పందంలో ఏం రాసుకున్నా పని అందుకున్నవాళ్లు 45 రోజులకు మించి డబ్బు ఆపకూడదు. గడువు రాసుకోకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ కట్టాలి. నెలల తరబడి "వచ్చే వారం" అంటూ తిప్పుతున్న ఒక పబ్లిషర్‌కు ఇదంతా మర్యాదగా మెయిల్‌లో రాశాను. ఫిర్యాదు దాకా పోకుండానే డబ్బు పడింది. ఇంకో చిన్న క్లయింట్ మాత్రం ఇప్పటికీ ఫోన్ ఎత్తడం లేదు. ఆ డబ్బు వదులుకున్నట్టే.

కొత్త పనులకు సగం అడ్వాన్స్ అడుగుతున్నాను. కొందరు వెనక్కి తగ్గారు. నిజం చెప్పాలంటే వాళ్లు పోవడమే నయం. క్లయింట్లు కోసుకున్న 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కూడా రిటర్న్ వేశాక తిరిగొచ్చింది, ఆ నెల అద్దె దాంతోనే గడిచింది.

నెలాఖరు భయం పూర్తిగా పోలేదు. కాకపోతే ఎవరి దగ్గర నుంచి ఎంత, ఎప్పటికి రావాలో ఇప్పుడు రాసి పెట్టుకుంటున్నాను కాబట్టి రాత్రి నిద్ర పడుతోంది. అమ్మ మాత్రం గ్రూప్స్ రాయమని ఇంకా అంటూనే ఉంది. దసరా దాకా చేతిలో పని ఉంది, ఆ తర్వాత సంగతి మళ్లీ చెబుతాను.