శరణార్థులకి ముందు కావాల్సింది తిండా, నాటకమా?

వానచుక్క:
సూటిగా అడుగుతున్నా, ఎవరూ ఫీలవ్వొద్దు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని సరిహద్దు దాటినవాళ్ళకి తిండి, గూడు, కాగితాలు కావాలి. వాటికే డబ్బు చాలట్లేదు, మళ్ళీ ఈ ఆర్ట్ ప్రాజెక్టులు ఎందుకు? 2016లో చైనా కళాకారుడు ఐ వేవే బెర్లిన్‌లో ఒక కాన్సర్ట్ హాల్ స్తంభాలకి 14 వేల లైఫ్ జాకెట్లు కట్టాడు, అన్నీ శరణార్థులు పడవల్లో వచ్చి దిగిన గ్రీసు దీవి లెస్బోస్ నుంచి తెచ్చినవే. ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి, ఆ జాకెట్లు వేసుకుని ఒడ్డుకి చేరినవాళ్ళకి ఒరిగిందేంటి?

గోరింటాకు:
తిండి ముందు, ఒప్పుకుంటా. కానీ శిబిరంలో రోజు ఎలా గడుస్తుందో ఒక్కసారి ఆలోచించండి, లైన్లో నిలబడటం, ఎదురుచూడటం, మళ్ళీ లైను, ఇలా నెలలు కాదు ఏళ్ళు. జోర్డాన్‌లో సిరియా శరణార్థుల కోసం జాతరీ క్యాంపు 2012లో పెట్టారు, పదేళ్ళు దాటినా జనం అక్కడే ఉన్నారు, పసిపిల్లలుగా వచ్చినవాళ్ళు అక్కడే పెద్దోళ్ళయ్యారు. 2014లో అక్కడి సిరియా పిల్లలే షేక్‌స్పియర్ కింగ్ లియర్ నాటకం ఆడారు, ఆడించిన నవార్ బుల్‌బుల్ కూడా సిరియా నటుడే. రోజూ రిహార్సల్ ఉందంటే ఆ పిల్లలకి పొద్దున లేవడానికి ఒక కారణం ఉన్నట్టే కదా, అది రేషన్ కార్డు ఇవ్వగలిగేది కాదు.

తెల్లకాగితం:
అదొక్కటే చూస్తే ఎలా? ఇటలీలో జరిగే పెద్ద కళా ప్రదర్శన వెనిస్ బినాలే, 2019లోది గుర్తు చేసుకోండి. 2015 ఏప్రిల్‌లో వందలమందితో మధ్యధరా సముద్రంలో మునిగిపోయిన పడవని తెచ్చి ప్రదర్శనకి పెట్టారు, పక్కన వివరం రాసిన పలక కూడా లేదు, దగ్గర్లోనే కాఫీ షాపు. జనం కాఫీ తాగుతూ ఫొటోలు తీసుకున్నారు. వందల ప్రాణాలు పోయిన పడవ అది! పేరు ఆర్టిస్టుకి వచ్చింది, చచ్చిపోయినవాళ్ళ ఇంటోళ్ళని అడిగారా అని నాకిప్పటికీ బాధే.

గోరింటాకు:
తెల్లకాగితం గారూ, మీ కోపం న్యాయమే, నేనూ దాన్ని వెనకేసుకురాను. కానీ చిలీ సంగతి చూడండి. 1973లో సైన్యం అధికారం లాక్కున్నాక మాయమైపోయిన మగవాళ్ళ తల్లులు, భార్యలు, అక్కచెల్లెళ్ళు పాత గుడ్డముక్కలతో అర్పియేరాలు, అంటే బొమ్మలతో కథ చెప్పే గుడ్డ పటాలు, కుట్టారు, ఇంటికి రాని కొడుకు, జైలు, ఖాళీ కుండలు అన్నీ అందులోనే. చర్చి వాళ్ళు సాయం చేసి విదేశాలకి పంపి అమ్మించారు. దాంతో ఇంట్లో పొయ్యి వెలిగింది, పేపర్లలో రాయనివ్వని విషయం బయటి దేశాలకి తెలిసింది. మరి ఇది తిండా, కళా? విడదీసి చెప్పండి చూద్దాం. టిబెట్ వాళ్ళయితే 1959లో దేశం విడిచొచ్చారు, అదే ఏడాది తమ సంగీతం, నాట్యం నేర్పే సంస్థ పెట్టుకున్నారు, కడుపు నిండేదాకా ఆగలేదు.

వానచుక్క:
చిలీ గురించి తెలీదు, థాంక్సండీ. కానీ అక్కడ కుట్టింది ఆ తల్లులే. నేనడిగింది బయటినుంచి వచ్చి రెండు వారాల వర్క్‌షాప్ పెట్టి, వీడియో తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళ గురించి.

గోరింటాకు:
వాళ్ళ విషయంలో మీతోనే ఉన్నా. నేను చందా ఇచ్చేముందు మూడే అడుగుతా, ఏం చెయ్యాలో ఎవరు నిర్ణయించారు, వేదికెక్కినవాళ్ళకి కూలి ఇచ్చారా, ఆ వీడియో మీద హక్కు ఎవరిది. జవాబు చెప్పడానికి నీళ్ళు నమిలితే ఇవ్వను. ఆ డబ్బుని మాత్రం బియ్యం మూట నుంచి తీసింది అనకండి, పిల్లలు నాటకం ఆడుకుంటున్నందుకు వాళ్ళమీద ఆ నింద పడుతుంది.