2009 క్యామ్రీకి వాడిన ఇంజన్ వేయించవచ్చా? (ఇర్వింగ్, టెక్సస్)

ఇర్వింగ్ నుంచి:
అన్నలకీ అక్కలకీ నమస్తే. ఈ దేశానికి కొత్త. కారు 2009 టయోటా క్యామ్రీ, 2.4 లీటర్ల ఇంజన్, 1,78,000 మైళ్లు. ఆయిల్ బాగా తాగుతోంది, ఇప్పుడు టకటకమని చప్పుడు కూడా మొదలైంది. ఇంజన్ పోయిందనీ, వాడిన ఇంజన్ వేస్తే 4,200 డాలర్లవుతుందనీ మెకానిక్ అంటున్నాడు. మన దగ్గరలా ఇక్కడ ఇంజన్‌కి బోరు చేయించరా? ఇంజన్ నంబరు మారితే ఆర్‌సీ మార్పించుకున్నట్టు ఏమైనా చేయాలా?

ప్లానో నుంచి:
తమ్ముడూ, రెండో ప్రశ్న తేలిక. ఇక్కడ టైటిల్ (బండి యాజమాన్యం కాగితం) మీద ఉండేది బండి గుర్తింపు నంబరైన విన్ నంబరే, ఇంజన్ నంబరు కాదు. టెక్సస్‌లో అదే రకం ఇంజన్ వేస్తే టైటిల్ జోలికి వెళ్లే పని లేదు. బోరు చేస్తారు, కానీ విప్పి, మెషిన్ షాపుకు పంపి, పిస్టన్లు రింగులు వేసి మళ్లీ బిగించే కూలీ ఆ బండి ధరను దాటిపోతుంది. అందుకే ఈ వయసు క్యామ్రీకి అందరూ వాడిన ఇంజనే చూస్తారు.

అయితే డబ్బు కట్టే ముందు ఇంజన్ నిజంగా పోయిందో లేదో తేల్చుకో. ఆయిల్ తాగడం ఒక్కటే అయితే ఇంజన్ మార్చకు. వెయ్యి మైళ్లకు ఒక క్వార్ట్ (లీటరుకు కొంచెం తక్కువ) తాగినా డిప్‌స్టిక్ చూసుకుంటూ పోసుకోవడమే చౌక. చప్పుడు సంగతి వేరు. ఇంజన్ నడుస్తుండగా ఒక్కో సిలిండర్ ఇంజెక్టర్ కనెక్టర్ తీసి పెట్టి చూడమను. ఏదో ఒకటి తీసినప్పుడు చప్పుడు తగ్గితే అక్కడ రాడ్ బేరింగ్ పోయినట్టే. ఆయిల్ ఫిల్టర్ కోసి లోపలి కాగితం విప్పితే మెరిసే రజను కనిపిస్తుంది. అంత రజను ఉంటే ఇక ఆలోచించేదేమీ లేదు. గేర్‌బాక్స్ కూడా జారుతోందా చూసుకో. జారే గేర్‌బాక్స్‌కు ఇంజన్ కొనడం దండగ.

ఇక అసలు విషయం. నీ బండిలో ఉన్నది 2ఏజెడ్-ఎఫ్‌ఈ అనే రకం ఇంజన్. కుదిరే ఇంజన్ దొరకడం కష్టం కాదు, రోగం లేనిది దొరకడమే కష్టం. 2007-09 క్యామ్రీల్లో ఈ ఇంజన్‌కి పిస్టన్ రింగులు బొగ్గు పట్టి ఇరుక్కుని ఆయిల్ తాగే జబ్బు ఉంది. 1,200 మైళ్లకు ఒక క్వార్ట్ కన్నా ఎక్కువ తాగే బండ్లకు టయోటానే పిస్టన్లు, రింగులు మార్చి ఇచ్చింది. ఆ వారంటీ గడువు ఎప్పుడో అయిపోయింది. జంక్‌యార్డ్‌లో (పాత బండ్లు విప్పి సామాను అమ్మే చోట) దొరికేది కూడా అవే ఏళ్ల ఇంజన్ కాబట్టి అదే జబ్బు ఉండొచ్చు. పోనీ 2002-06 నాటిది వేద్దామా అంటే, వాటిలో హెడ్ బోల్టులు బ్లాక్‌లో మర ఊడి, హెడ్ గాస్కెట్ దగ్గర కూలంట్ కారుతుంది. సెన్సర్ల తేడాలు కూడా తలనొప్పే. 2010 క్యామ్రీలో ఇంజనే వేరు, 2.5 లీటర్లది. హైబ్రిడ్‌లోది 2ఏజెడ్-ఎఫ్‌ఎక్స్‌ఈ. పేరు దగ్గరగా ఉంది కదా అని కొనకు, క్యామ్‌లు, కంప్రెషన్ వేరు.

కాబట్టి యార్డ్ వాణ్ణి ముందు ఆ బండి విన్ నంబరు అడుగు. దానితో మైలేజీ, ప్రమాదం వివరాలు చూసుకోవచ్చు. వెనక గుద్దించుకున్న బండి ఇంజన్ మేలు, గుద్దే నిమిషం దాకా నడిచిందని తెలుస్తుంది. ముందు గుద్దుకున్నదైతే రేడియేటర్ పగిలి, నీళ్లు లేకుండా కాసేపు తిరిగి ఉండొచ్చు. వరదలో మునిగినది వద్దే వద్దు. సిలిండర్లలో ఒత్తిడి కొలిచిన కంప్రెషన్ పరీక్ష కాగితం చూపించి నమ్మించబోతారు. ఇరుక్కునేది ఆయిల్ రింగులు, కంప్రెషన్ పట్టేది పై రింగులు. అందుకే ఆయిల్ తాగే ఇంజన్ కూడా ఆ పరీక్ష చక్కగా పాసవుతుంది. నాలుగు స్పార్క్ ప్లగ్గులూ తీయించి చూడు. అంచున తడి నల్లమసి ఉంటే అనుమానించు. ప్లగ్గు రంధ్రంలోంచి బోర్‌స్కోప్ (సన్నని కెమెరా) దించి పిస్టన్ నెత్తి చూస్తే ఇంకా తెలుస్తుంది. ఆయిల్ మూత తీసి లోపల గోధుమరంగు పొర మాత్రమే ఉందా, తారులాంటి మడ్డి ఉందా చూడు.

హ్యూస్టన్ నుంచి:
పైన చెప్పినవన్నీ సరే. ఒక్కటి కలుపుతాను. యార్డ్ వాళ్లు ఇంజన్ మీద చిన్న బిళ్ల అంటించి ఇస్తారు. ఇంజన్ వేడెక్కితే అది కరుగుతుంది, కరిగిందంటే వారంటీ పోయింది. 90 రోజుల వారంటీ అన్నది సాధారణంగా ఇంజన్‌కే, కూలీకి కాదు. కొంచెం ఎక్కువ కట్టి కూలీ వారంటీ తీసుకోండి. మళ్లీ దించాల్సి వస్తే భారమయ్యేది కూలీయే, పదిహేను గంటల పని అది.

4,200 మరీ అన్యాయం కాదు. కానీ అందులో ఏమేమి ఉన్నాయో రాయించుకోండి. ఇంజన్ బయట ఉన్నప్పుడే మార్చాల్సినవి: వెనక క్రాంక్ సీల్, వాటర్ పంపు, థర్మోస్టాట్, వాల్వ్ కవర్ గాస్కెట్, టైమింగ్ చెయిన్ టెన్షనర్ ఓ-రింగ్ (ఈ ఇంజన్‌లో అక్కడ ఆయిల్ కారడం మామూలే), ఇంటేక్, ఎగ్జాస్ట్ గాస్కెట్లు, బెల్టు, స్పార్క్ ప్లగ్గులు, పీసీవీ వాల్వ్. ఇంజన్ మౌంట్లు చిట్లి ఉంటే అవీ. క్రాంక్ సీల్ పది ఇరవై డాలర్లది. దాన్ని వదిలేసి బిగిస్తే, కారినప్పుడు గేర్‌బాక్స్ మళ్లీ విప్పాలి.

షాపులో ఎక్కువగా జరిగే తప్పు టార్క్ కన్వర్టర్ (ఇంజన్ శక్తిని గేర్‌బాక్స్‌కు అందించే భాగం) దగ్గర. అది గేర్‌బాక్స్ పంపులోకి పూర్తిగా కూర్చోకుండా ఇంజన్ దగ్గరికి తెచ్చి బోల్టులతో లాగి బిగిస్తే పంపు పగులుతుంది. కన్వర్టర్‌ను తిప్పుతూ నెడితే మెట్టుమెట్టుగా లోపలికి దిగాలి. ఆ తర్వాత ఇంజన్, గేర్‌బాక్స్ ముఖాలు చేతితో నెడితేనే కలిసిపోవాలి, కలిశాక కన్వర్టర్ చేతికి తేలిగ్గా తిరగాలి. తిరగకపోతే బోల్టు పెట్టకూడదు.

వైరింగ్, ఇంజన్ కంప్యూటర్, సెన్సర్లు మీ పాతవే వాడించండి. తాళం కోడ్ ఆ కంప్యూటర్‌తో ముడిపడి ఉంటే కొత్తది పెట్టగానే బండి స్టార్ట్ కాదు.

శాన్ హోసే నుంచి:
ఈ చర్చ కాలిఫోర్నియా వాళ్లు చదువుతుంటే: ఇక్కడ వేసే ఇంజన్ మీ బండి ఏడాదిదో, తర్వాతిదో కావాలి, దాని ఎమిషన్ (పొగ నియంత్రణ) సామాను మొత్తం ఉండాలి. లేకపోతే స్మాగ్ (పొగ) తనిఖీ దగ్గర ఆపేస్తారు. బానెట్ కింద స్టికర్ చూసుకుని కొనండి.

ఇర్వింగ్ నుంచి:
థాంక్స్ అన్నా. ఆన్‌లైన్‌లో ఒకాయన 'జపాన్ ఇంజన్, 45 వేల మైళ్లు' అని 600 డాలర్లకి ఇస్తానంటున్నాడు, డబ్బు జెల్‌లో (బ్యాంకు నుంచి నేరుగా పంపే యాప్) పంపమంటున్నాడు. అది నేను కొని తెస్తే కూలీకే వేయిస్తే చాలు కదా? లేదా ఫ్రెండ్స్‌తో అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోనే?

ప్లానో నుంచి:
వద్దు తమ్ముడూ. ఇంజన్‌కి మైలేజీ చూపే మీటరు ఉండదు, ఆ 45 వేలు ఆయన నోటి మాటే. జెల్‌లో పంపిన డబ్బు తిరిగి రాబట్టుకోవడం కష్టం, క్రెడిట్ కార్డు తీసుకోని చోట కొనకు. నువ్వు తెచ్చిన ఇంజన్‌కి షాపు వాడు బాధ్యత తీసుకోడు. అది పొగ కక్కితే కూలీ రెండుసార్లు కట్టేది నువ్వే. ఇంజన్ తెచ్చేది, వేసేది ఒకే షాపు అయితే మాట పడటానికి ఒకడే ఉంటాడు. పాత ఇంజన్ తిరిగిచ్చాక వచ్చే కోర్ డబ్బు ఎవరిదో కూడా బిల్లులోనే తేల్చుకో. అపార్ట్‌మెంట్ పార్కింగ్ ఆలోచన మానుకో. లీజు కాగితం చదువు, బండి రిపేరు చేయకూడదనే ఉంటుంది, నేల మీద ఆయిల్ పడితే శుభ్రం చేయించిన ఖర్చు నీ మీదే వేస్తారు.

హ్యూస్టన్ నుంచి:
వేశాక సంగతి. మొదటిసారి స్టార్ట్ చేసే ముందు ప్లగ్గులు తీసి, ఇంజెక్టర్ కనెక్టర్లు ఊడదీసి, ఆయిల్ లైట్ ఆరేదాకా పదేసి సెకన్లు క్రాంక్ చేయాలి. ఎండిన బేరింగులతో నేరుగా స్టార్ట్ చేస్తే వాటి ఆయుష్షు అక్కడే తగ్గుతుంది. ఫిల్టర్‌తో కలిపి ఆయిల్ 4.5 క్వార్ట్లు. కూలంట్ టయోటా గులాబీరంగుదే, హీటర్ ఫుల్ వేడిలో పెట్టి గాలి బుడగలు పోయేదాకా నింపాలి. గాలి మిగిలితే వేడెక్కుతుంది, ఆ బిళ్ల కరుగుతుంది. మొదటి ఆయిల్ 500 మైళ్లకే మార్చి, ఫిల్టర్ కోసి చూడండి.

పాత ఇంజన్ అన్నాళ్లు ఆయిల్ కాల్చింది కాబట్టి క్యాటలిటిక్ కన్వర్టర్ (సైలెన్సర్ దారిలో పొగను శుద్ధి చేసే భాగం) మసి పట్టి ఉండొచ్చు. కొత్త ఇంజన్‌కి కూడా ఎత్తు ఎక్కేటప్పుడు శక్తి లేకపోతే ముందు దాన్ని చూడమనండి. ఇర్వింగ్ డల్లాస్ కౌంటీ కదా, 2025 నుంచి సేఫ్టీ తనిఖీ తీసేసినా మీ కౌంటీలో ఎమిషన్ పరీక్ష ఉంది. బండి కంప్యూటర్ ఎమిషన్ సామానును తానే పరీక్షించి రికార్డు చేసుకుంటుంది, బ్యాటరీ విప్పడంతో ఆ పాత రికార్డులు చెరిగిపోతాయి. హైవే మీద, ఊళ్లో కలిపి కొన్ని రోజులు తిప్పి, స్కానర్‌తో ఆ రికార్డులన్నీ మళ్లీ సిద్ధమయ్యాయని చూసుకున్నాకే పరీక్షకు తీసుకెళ్లండి. రిజిస్ట్రేషన్ గడువు దగ్గర పడి ఉంటే ఈ రోజులు కూడా లెక్కలో వేసుకుని షాపు వాడితో తేదీ మాట్లాడండి.