‘రికర్సివ్ టైపు’కు తెలుగు మాట: పునరావృతమా, ఆత్మాశ్రయమా?

ప్రశ్న: హాస్కెల్, ఓకామెల్ అనే ప్రోగ్రామింగ్ భాషల పాఠాలు తెలుగులో రాసేటప్పుడు రికర్సివ్ టైపును ‘పునరావృత రకం’ అనవచ్చా అండీ?

జవాబు: వద్దండి. పునరావృతం అంటే జరిగిందే మళ్లీ జరగడం. ఆ మాట లూపుకు, అంటే ఒకే పనిని పదేపదే చేయించే ఆదేశానికి, నప్పుతుంది. ఇక్కడ మళ్లీ జరిగేదేమీ లేదు, రకాన్ని (విలువలు ఎలా ఉండాలో చెప్పేదాన్ని) నిర్వచించే వాక్యంలోనే ఆ రకం పేరు వస్తుంది, అంతే.

మాల = ఖాళీ | జోడు పూర్ణాంకం మాల

మాల అంటే ఖాళీ అయినా కావాలి, లేదా ఒక పూర్ణాంకాన్ని మరో మాలకు తగిలించినదైనా కావాలి. 3, 7 ఉన్న మాలను ‘జోడు 3 (జోడు 7 ఖాళీ)’ అని రాస్తాం.

మన సమాసాల పద్ధతీ ఇదే. ‘సీతాపతిపాదపద్మం’ చూడండి. సీతాపతి ఒక సమాసం, పాదపద్మం ఒక సమాసం, రెండూ కలిస్తే ఇంకో సమాసం.

సమాసం = పదం | కూర్పు సమాసం సమాసం

కుడివైపు తన పేరు రెండుసార్లు వచ్చింది కాబట్టి ఇది చెట్టు. నాలుగు ఆకులు, మూడు కూర్పులు. నాలుగు పదాలను వరసగా మాలలో గుచ్చితే ఏది దేనితో ముందు కలిసిందో పోతుంది, ఇక విగ్రహవాక్యం చెప్పలేం.

మరో జవాబు: తర్కశాస్త్రంలో మాటలు సిద్ధంగానే ఉన్నాయి కదండీ. తనను తానే ఆశ్రయిస్తే ఆత్మాశ్రయం, రెండు ఒకదాన్నొకటి ఆశ్రయిస్తే అన్యోన్యాశ్రయం, ఎక్కడా ఆగకపోతే అనవస్థ. అక్కడ ఇవి దోషాలు. ఇక్కడ ‘ఆత్మాశ్రయ రకం’ అంటే సరిపోదా?

జవాబు: అర్థం చక్కగా కుదిరింది కానీ, సాహిత్య విమర్శలో ‘ఆత్మాశ్రయ కవిత్వం’ అంటే కవి తన అనుభూతిని చెప్పుకునే కవిత్వం. తెలుగు పాఠకుడికి ముందు భావకవిత్వమే గుర్తొస్తుంది. ‘అన్యోన్యాశ్రయ రకాలు’ మాత్రం తప్పక తీసుకోవాలి. ‘చెట్టు’లో ‘తోపు’, ‘తోపు’లో ‘చెట్టు’ వచ్చే జంటకు అంతకంటే మంచి మాట లేదు. హాస్కెల్‌లో ఆ రెంటినీ ఏ వరసలో రాసినా ఫర్వాలేదు. ఓకామెల్‌లో మాత్రం మధ్యలో ‘అండ్’ పెట్టి ఒకే నిర్వచనంగా రాయాలి. విడివిడిగా రాస్తే మొదటిదానికి రెండోదాని పేరు తెలియదు, కంపైలర్ (ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే సాధనం) ఒప్పుకోదు.

మరో జవాబు: ‘తనలో తాను ఇమిడిన రకం’ అంటే తేలిగ్గా ఉంటుందేమో?

జవాబు: ఆ ‘ఇమిడిన’ దగ్గరే చిక్కుందండి. రస్ట్ అనే మరో ప్రోగ్రామింగ్ భాషలో పై మాలను అలాగే రాస్తే ‘ఈ రకం పరిమాణం అనంతం’ అని E0072 అనే సంఖ్య గల దోషం వస్తుంది. పూర్ణాంకానికి 4 బైట్లు, దాని పక్కన మొత్తం మాల, అందులో మళ్లీ 4 బైట్లు, మళ్లీ మాల. నిజంగా ఇమిడితే వచ్చేది అనవస్థే. లోపలి మాలను ‘బాక్స్’లో పెడితే అది మెమరీలో వేరేచోట ఉండి, ఇక్కడ దాని చిరునామా ఒక్కటే ఉంటుంది, 64 బిట్ల యంత్రంలో 8 బైట్లు. హాస్కెల్ మామూలుగా చిరునామానే పెడుతుంది కాబట్టి ఈ సంగతి అక్కడ బయటపడదు. అందుకే ‘ఇమడటం’ కంటే ‘ఆశ్రయించడం’ నిజానికి దగ్గర.

ఇంకొక తేడా కూడా పాఠంలో చెప్పాలి. ‘మాల = (పూర్ణాంకం, మాల)’ అని ఉత్త మారుపేరుగా రాస్తే హాస్కెల్ చక్రం ఏర్పడిందని తిరగ్గొడుతుంది. మారుపేరును చూసిన చోటల్లా విప్పాలి, ఎంత విప్పినా తరగదు. ‘జోడు’ లాంటి నిర్మాణి (విలువను కట్టే పేరు) ఉంటే విప్పడం అక్కడ ఆగుతుంది. విలువను కట్టేటప్పుడు ఒక మడత పడుతుంది, నమూనాతో పోల్చేటప్పుడు ఒక్క మడతే విడుతుంది. ఓకామెల్ కూడా ఇలాంటి మారుపేరును కాదంటుంది, ‘రెక్‌టైప్స్’ అనే కంపైలర్ మీట వేస్తే ఒప్పుకుంటుంది.

ప్రశ్న అడిగినవారు: అయితే ‘ఖాళీ’ లాంటి ఆధారం లేకపోతే రకం తప్పే అవుతుందా అండీ?

జవాబు: హాస్కెల్‌లో కాదండి. ‘ధార = జోడు పూర్ణాంకం ధార’ చెల్లుతుంది, అడిగినంత మేరకే లెక్క కడుతుంది కాబట్టి. మొదటి 5 అంకెలు అడిగితే 5 ఇస్తుంది, పొడవు అడిగితే ఎప్పటికీ తేలదు. పాఠంలో మొదటిసారి ‘రికర్సివ్ టైపు’ అనే రాసి, పక్కనే ‘తన నిర్వచనంలో తన పేరునే వాడుకునే రకం’ అని వివరించండి. ఆ తర్వాత ‘స్వాశ్రిత రకం’ అని కుదించవచ్చు.