పాత సెల్లులతో చక్కగా వెలిగిన ఒక వాటు ఎల్‌ఈడీ కొత్త సెల్లులతో ఎందుకు మాడిపోయింది?

ప్రశ్న (మల్కాజిగిరి నుంచి)

వేసవి చివర ఈదురుగాలి వానలు మొదలయ్యాక మా వీధిలో రాత్రి భోజనాల వేళకు కరెంటు పోతూ ఉంటుంది. సరిగ్గా అప్పుడే మా నాన్నగారు ఇన్సులిన్ తీసుకోవాలి. సెల్‌ఫోన్ లైటు వెలుతురులో సిరంజి మీది సన్నని గీతలు ఆయనకు ఆనడం లేదు. అందుకని కోఠి గుజరాతీ గల్లీలో ఒక వాటు తెల్ల ఎల్‌ఈడీని, మూడు డబుల్ ఏ పెన్సిల్ సెల్లులు పట్టే హోల్డర్‌ను కొని, రెండింటినీ నేరుగా కలిపాను. మొదట గోడ గడియారాల నుంచి తీసిన పాత మామూలు సెల్లులు వేస్తే అరగంటసేపు ఏ ఇబ్బందీ లేకుండా వెలిగింది. మర్నాడు కొత్త ఆల్కలైన్ సెల్లులు వేయగానే కాంతి నీలంగా మారింది. ఎల్‌ఈడీ అడుగున ఉన్న అల్యూమినియం బిళ్ల వేలు పెట్టలేనంతగా కాలింది, కాసేపటికి పసుపు పూత మధ్యలో నల్లటి చుక్క పడి ఆరిపోయింది. రెండుసార్లూ ఉన్నవి అవే మూడు సెల్లులు, అదే నాలుగున్నర వోల్టులు. తేడా ఎక్కడ వచ్చిందో తెలియజేయగలరు.

మొదటి సమాధానం

మీ ఎల్‌ఈడీని మొదటి రోజు కాపాడినది పాత సెల్లుల బలహీనతే. ప్రతి సెల్లు లోపలా కొంత నిరోధం, అంటే కరెంటును అడ్డుకునే గుణం, ఉంటుంది (దీన్ని ఓంలలో కొలుస్తారు). వాడేసిన మామూలు జింక్-కార్బన్ సెల్లులలో అది బాగా పెరిగిపోతుంది కనుక, మీరు రెసిస్టర్ (కరెంటును అదుపు చేసే చిన్న భాగం) పెట్టకపోయినా సెల్లులే రెసిస్టర్ పని చేశాయి. కొత్త ఆల్కలైన్ సెల్లులు మూడింటికీ కలిపి ఆ నిరోధం ఒక ఓం కూడా ఉండదు. పైగా కొత్తగా ఉన్నప్పుడు ఒక్కొక్కటి 1.5 కాక 1.6 వోల్టుల దాకా ఇస్తుంది. ఒక వాటు తెల్ల ఎల్‌ఈడీకి కావలసింది 350 మిల్లీ ఆంపియర్ల వద్ద సుమారు 3.2 వోల్టులు మాత్రమే. అంతకు మించి వోల్టేజీ కాస్త పెరిగినా కరెంటు ఎన్నో రెట్లు పెరుగుతుంది. వేడెక్కిన కొద్దీ ఎల్‌ఈడీకి అవసరమైన వోల్టేజీ తగ్గుతుంది, దానితో కరెంటు ఇంకా ఎక్కువై వేడి మరింత హెచ్చుతుంది. మీరు చూసిన నీలి కాంతీ, నల్ల చుక్కా దీని పర్యవసానమే.

కాబట్టి ఎల్‌ఈడీకి వోల్టేజీని కాదు, కరెంటును కొలిచి ఇవ్వాలి. సిరంజి గీతలు చదవడానికి పూర్తి 350 మిల్లీ ఆంపియర్లు అక్కరలేదని నా అభిప్రాయం. అందులో సగం ధారాళంగా సరిపోతుంది. నాలుగు రీచార్జబుల్ నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులకు (ఒక్కొక్కటి 1.2, మొత్తం 4.8 వోల్టులు) 10 ఓంల రెసిస్టర్ ఒకటి వరుసలో కలపండి. ఎల్‌ఈడీ 3 వోల్టులు తీసుకోగా మిగిలిన 1.8 వోల్టులు రెసిస్టర్ మీద పడతాయి కనుక కరెంటు 180 మిల్లీ ఆంపియర్లు అవుతుంది. 2000 మిల్లీ ఆంపియర్ అవర్ (కరెంటును గంటలతో గుణించిన కొలత) సామర్థ్యం గల సెల్లులైతే దాదాపు పది గంటలు వెలుగుతుంది. ఎవరైనా పొరపాటున నాలుగు కొత్త ఆల్కలైన్ సెల్లులు వేసినా 6.4 వోల్టుల వద్ద కరెంటు 330 మిల్లీ ఆంపియర్ల దగ్గర ఆగుతుంది, ఎల్‌ఈడీకి ముప్పు ఉండదు. అయితే ఆ స్థితిలో రెసిస్టర్ మీద ఒక వాటుకు పైగా వేడి పుడుతుంది కాబట్టి, షాపులో అలవాటుగా ఇచ్చే పావు వాటుది తీసుకోకుండా 2 వాట్లది అడిగి తీసుకోండి.

రెండో సమాధానం

పై లెక్కతో ఏకీభవిస్తున్నాను. అయితే రెసిస్టర్‌కు బదులు కరెంటును స్థిరంగా ఉంచే చిన్న డ్రైవర్ బోర్డు వాడితే, మూడో వంతుకు పైగా శక్తి వేడి రూపంలో వృథా కాకుండా ఉంటుంది, రెండు సెల్లులతోనే పని జరుగుతుంది. తొమ్మిది వోల్టుల చదరపు బ్యాటరీ జోలికి మాత్రం వెళ్ళకండి. దాని సామర్థ్యం 500 మిల్లీ ఆంపియర్ అవర్ ప్రాంతంలోనే ఉంటుంది, అందులోనూ మూడింట రెండు వంతులు రెసిస్టర్‌ను కాల్చడానికే పోతుంది. ఎలా చేసినా, అల్యూమినియం బిళ్లను థర్మల్ పేస్టు (వేడిని బాగా దాటించే లేపనం) రాసి ఒక హీట్‌సింక్‌కు (వేడిని గాలిలోకి వదిలే లోహపు దిమ్మెకు) బిగించడం మరువవద్దు.

మొదటి సమాధానం ఇచ్చినవారు

డ్రైవర్ బోర్డు మంచిదే, కాదనను. కానీ అది సెల్లులు నీరసించిన కొద్దీ వాటి నుంచి మరింత కరెంటు లాగుతుంది. దానికి తక్కువ వోల్టేజీ వద్ద ఆగే ఏర్పాటు లేకపోతే రీచార్జబుల్ సెల్లులలో బలహీనమైనది తలకిందులుగా చార్జి అయి పాడవుతుంది. రెసిస్టర్ ఉన్న దీపం క్రమంగా మసకబారి, చార్జింగు పెట్టమని తానే చెబుతుంది. పెద్దవారు వాడే దీపానికి ఆ గుణమే ముఖ్యమని నాకు అనిపిస్తుంది.

మూడో సమాధానం

నికెల్ సెల్లుల తీగలు ఒకదానికొకటి తగిలితే అనేక ఆంపియర్లు పారి తీగ తొడుగు కరిగిపోగలదు. అందుచేత హోల్డర్ పాజిటివ్ తీగలో, సెల్లులకు వీలైనంత దగ్గరగా, ఒక ఆంపియర్ ఫ్యూజు పెట్టండి. పాత, కొత్త సెల్లులను కలిపి వేయకండి. ఆల్కలైన్ సెల్లులను ఎన్నడూ చార్జి చేయకండి. ఎల్‌ఈడీ వెలుగు సూటిగా నాన్నగారి కళ్ళలో పడకుండా ముందు పాలవన్నె ప్లాస్టిక్ మూత అమర్చి, పక్క నుంచి సిరంజి మీద పడేలా నిలబెట్టండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నాలుగు రీచార్జబుల్ సెల్లులు, 10 ఓంలు, ఫ్యూజు, పాత కంప్యూటరులోని చిన్న హీట్‌సింక్‌తో మళ్ళీ చేశాను. మల్టీమీటరును రెసిస్టర్ రెండు కొసలకు ఆనిస్తే, అప్పుడే చార్జి చేసిన సెల్లులతో 2.3 వోల్టులు చూపింది, అంటే 230 మిల్లీ ఆంపియర్లు. గంట గడిచాక 1.9కి దిగింది. హీట్‌సింక్ గోరువెచ్చగానే ఉంది. నిన్న రాత్రి లైట్లన్నీ ఆర్పి సిరంజి చేతికి ఇస్తే, నాన్నగారు కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కో గీతా పైకి లెక్కపెట్టి చూపించారు. ఒక్క సందేహం మిగిలింది: వానాకాలం వచ్చేదాకా వాడకపోతే సెల్లులలో చార్జి నిలుస్తుందా?

మొదటి సమాధానం ఇచ్చినవారు

మామూలు నికెల్ సెల్లులైతే కొన్ని నెలలు ఊరికే పెట్టినా చాలా చార్జి కోల్పోతాయి. తక్కువగా కోల్పోయే రకం విడిగా దొరుకుతుంది, అవి తీసుకోండి. అప్పటిదాకా నెలకోసారి, నాన్నగారికి ఇన్సులిన్ తెచ్చే రోజున, ఒకసారి చార్జి చేసి ఉంచండి.