ఇంటి పెరుగుకీ, ప్రోబయోటిక్ పెరుగుకీ ఒకే కౌంట్ వస్తోంది. ఎక్కడ పొరపాటు?

ప్రశ్న (ఎంఎస్సీ విద్యార్థిని, తిరుపతి):
షాపులో కొన్న ప్రోబయోటిక్ పెరుగులో (మేలు చేసే బ్యాక్టీరియా కలిపినది) అసిడోఫిలస్ అనే బ్యాక్టీరియా ఎన్ని బతికున్నాయో కౌంట్ చెయ్యడం నా ప్రాజెక్టు. 10 గ్రాముల పెరుగు 90 మి.లీ. పెప్టోన్ వాటర్‌లో కలిపి, డైల్యూషన్లు చేసి, ఎంఆర్‌ఎస్ అగార్ (లాక్టిక్ బ్యాక్టీరియాని పెంచే మీడియం) మీద 0.1 మి.లీ. స్ప్రెడ్ చేశాను. క్యాండిల్ జార్‌లో (కొవ్వొత్తి వెలిగించి మూత పెట్టే జార్) 37 డిగ్రీల దగ్గర 3 రోజులు ఉంచాను. లక్ష రెట్లు పలచన చేసిన 10⁻⁵ ప్లేట్‌లో 164 కాలనీలు వచ్చాయి, గ్రాముకు 1.64 × 10⁷ అని రాసుకున్నాను. పోల్చి చూద్దామని అమ్మ తోడేసిన పెరుగూ పెడితే, అందులో 151! గైడ్‌కి చూపించాలంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు (డెయిరీ ల్యాబ్‌లో 14 ఏళ్లుగా, గుంటూరు):
భయపడకమ్మా, నీ చేతిలో లోపం లేదు. ఎంఆర్‌ఎస్ మీద లాక్టిక్ బ్యాక్టీరియా దాదాపు అన్నీ పెరుగుతాయి, అమ్మ తోడులోవి కూడా. నువ్వు లెక్కపెట్టింది అందరినీ కలిపి.

అసిడోఫిలస్‌ని విడదీయాలంటే ఐఎస్‌ఓ 20128 పద్ధతి ఉంది. అదే ఎంఆర్‌ఎస్‌లో క్లిండమైసిన్, సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయోటిక్‌లు కలుపుతారు. తోడు బ్యాక్టీరియా ఆగిపోతుంది, అసిడోఫిలస్ తట్టుకుంటుంది. యాంటీబయోటిక్‌ని ఆటోక్లేవ్‌లో (ఆవిరి వేడితో స్టెరిలైజ్ చేసేది) పెట్టకు. ఫిల్టర్ చేసి, అగార్ 48 డిగ్రీలకు చల్లారాక కలుపు. ఫ్లాస్క్‌ని ముంజేతికి ఆనిస్తే వెచ్చగా ఉండాలి, చురుక్కుమనకూడదు.

అమ్మ పెరుగుని మాత్రం వదలకు, అది పోల్చి చూసుకోవడానికి నీకు దొరికిన మంచి కంట్రోల్. కొత్త ప్లేట్ మీద అది ఖాళీగా రావాలి. అసిడోఫిలస్ ప్యూర్ కల్చర్‌ని మామూలు ఎంఆర్‌ఎస్ మీదా, దీని మీదా పెట్టు. రెండూ దగ్గరగా రాకపోతే మందు మనవాళ్లనీ దెబ్బతీస్తోందన్నమాట.

ఈ ప్లేట్లని ఆక్సిజన్ లేకుండా ఉంచాలి కాబట్టి క్యాండిల్ జార్ కూడా మార్చు. కొవ్వొత్తి ఆరినా లోపల ఆక్సిజన్ చాలావరకు మిగిలే ఉంటుంది. నేను చేరిన కొత్తలో బిఫిడో (ఆక్సిజన్ పడని ఇంకో ప్రోబయోటిక్ బ్యాక్టీరియా) ప్లేట్లు రెండు వారాలు ఖాళీగానే వచ్చాయి. మీడియం మూడుసార్లు చేశాను, తీరా చూస్తే లోపం జార్‌లో. జార్‌లో ఆక్సిజన్‌ని తీసేసే గ్యాస్ ప్యాక్ వాడు, ఇండికేటర్ పట్టీ నీలం పోయి తెల్లబడిందో లేదో చూశాకే నమ్ము. బిఫిడోకైతే మీడియం కూడా వేరే: ముపిరోసిన్ అనే యాంటీబయోటిక్ కలిపిన టీఓఎస్ అగార్.

జవాబు (ఫుడ్ టెక్నాలజీ, హైదరాబాద్):
లెక్క కూడా సరిచూడండి. స్ప్రెడ్ చేసింది 0.1 మి.లీ. కాబట్టి ఇంకో పదితో గుణించాలి, 1.64 × 10⁸ అవుతుంది. ప్రతి ట్యూబునీ బాగా వోర్టెక్స్ చెయ్యండి (మెషీన్ మీద గిరగిరా కలపడం). గొలుసుగా అతుక్కున్న పది కణాలు ఒక్క కాలనీగానే కనిపిస్తాయి.

విద్యార్థిని:
అక్కా, ఇవాళ ప్లేట్లు తీశాను. అమ్మ పెరుగు ప్లేట్ ఖాళీ! ప్యూర్ కల్చర్ రెండింటి మీదా దగ్గర దగ్గరగానే వచ్చింది. షాపు పెరుగుకి 10⁻⁵లో 38 కాలనీలు, అంటే గ్రాముకు 3.8 × 10⁷. గ్రామ్ స్టెయిన్‌లో (రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూస్తే) ఊదారంగు కడ్డీలు కనిపించాయి, అసిడోఫిలస్ అలాగే ఉంటుంది.

జవాబు (డెయిరీ ల్యాబ్, గుంటూరు):
చాలా సంతోషం తల్లీ. అదే బ్యాచ్ కప్పులు మిగిలితే ఫ్రిజ్‌లో ఉంచి, ఎక్స్‌పైరీ రోజున మళ్లీ చెయ్యి. తినేవాళ్లకి ఆ రోజు కూడా బతికినవి అందాలి కదా.

విద్యార్థిని:
రెండు కప్పులున్నాయి అక్కా. 19వ తేదీన పెడతాను.