మే రెండో వారంలో భీమిలి వస్తున్నాం, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

మాది వరంగల్. ఇద్దరు పిల్లలు, మా నాన్నగారితో భీమిలిలో మూడు రోజులు ఉండాలనుకుంటున్నాం. పిల్లలకి సముద్రం ఉంటే చాలు. నాన్నగారు రిటైరైన సోషల్ మాస్టారు. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరని నాకు ఇప్పటికే నాలుగుసార్లు పాఠం చెప్పారు. డచ్చివాళ్ల సమాధులు, పాత లైట్‌హౌస్, పావురాళ్లకొండ మీది బౌద్ధ శిథిలాలు చూడాలని ఆయన పట్టు.

నా టెన్షన్ ఆ కొండే. ఆయనకి మోకాళ్ల నొప్పులు. పైదాకా ఆటో వెళ్తుందా, నడిచి ఎక్కాలా? మరీ కష్టమైతే అటువైపే ఉన్న ఇంకో బౌద్ధ క్షేత్రం తొట్లకొండతో సరిపెడతాను. ఎర్రమట్టి దిబ్బల్లో పొద్దున ఎన్నింటిలోపు తిరిగేస్తే ఎండదెబ్బ తగలకుండా ఉంటుంది?

ఇంకోటి, గోస్తని సముద్రంలో కలిసే చోట పిల్లల్ని నీళ్లలోకి దించొచ్చా? పోయినేడాది వేరే బీచ్‌లో మోకాలి లోతులోనే మా చిన్నోణ్ని అల లాగేసింది. పక్కనున్న జాలరి పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. మీ ఊరివాళ్లు స్నానానికి ఎక్కడ దిగుతారో చెబితే మేమూ అక్కడే దిగుతాం.

చేపల పులుసు బాగా వండే చిన్న హోటల్ తెలిసినా చెప్పండి.